బాక్సు గడపకు బొట్టు

మీరు ఫోన్ కొనుక్కుంటారు. అందులో మీకు నచ్చిన కంపెనీ సిమ్ వేసుకుంటారు. రేపు ఆ కంపెనీ మీద మనసు విరిగితే నంబరు మార్చకుండానే ఇంకో కంపెనీకి వెళ్ళిపోతారు. ఇదంతా ఎప్పటినుంచో ఇలాగే ఉందనుకుంటారు, మీ తప్పేమీ కాదు. నేను టెలిఫోన్ల శాఖలో చేరిన కొత్తలో తీగే కాదు, ఇంట్లో ఉన్న ఫోన్ కూడా మాదే. నల్లగా, ఇటుకంత బరువుగా ఉండేది. ఎవరైనా ముచ్చటపడి దుబాయ్ నుంచి రంగు ఫోన్ తెప్పించి తగిలిస్తే మా లైన్‌మెన్ వెళ్ళి ఊడబెరికి వచ్చేవాడు. అట్లా ఒక పెళ్ళివారింటి నుంచి వచ్చిన గులాబీ రంగు ఫోను మా ఆఫీసు బీరువాలో చాలాకాలం ఉండేది. తీగ మాది, గంట మాది, బిల్లు ఒక్కటే మీది అన్నట్టుండేది మా వరస.

అలాంటి శాఖలో తల నెరిసేదాకా పనిచేసిన నేను, రిటైర్మెంట్ దగ్గరపడ్డాక, ఒక తాళం తీయించడానికి నానా తిప్పలు పడ్డాను. ఆ కథే ఇది. తాళమంటే ఇనుపది కాదు. కథలోకి పోయే ముందు దాన్ని కాస్త వివరంగా చెప్తాను, కంగారు పడకండి, పరీక్ష పెట్టను.

మీ ఇంట్లో వైఫై బాక్సు ఉంటుంది కదా. దాని వెనక నుంచి సన్నని ఫైబర్ తీగ బయటికి పోతుంది. ఆ తీగ స్తంభాల మీదుగా పోయి పోయి ఎక్స్చేంజిలో ఒక పెద్ద మిషన్‌కు తగులుకుంటుంది. మిషన్ వెలుతురుతో మాట్లాడుతుంది, బాక్సు వెలుతురుతోనే జవాబిస్తుంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకునే భాష ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. దేశదేశాల ఇంజనీర్లు కూర్చుని, కొట్లాడుకుని, రాసి పెట్టిన నియమాలవి. ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరైనా వాటి ప్రకారం బాక్సు తయారు చేసుకోవచ్చు. మా శాఖ మిషన్లు కొన్నప్పుడు టెండరులో ఈ సంగతి స్పష్టంగా రాసుకుంది. కంపెనీ కూడా తలూపి మిషన్లు దింపింది. దింపేటప్పుడు లోపల చిన్న ఏర్పాటు చేసింది. తమ బాక్సు వస్తేనే పలకాలి, ఇంకెవరి బాక్సు వచ్చినా ముఖం తిప్పుకోవాలి. నేను చెప్పిన తాళం అదే.

బాక్సులు దొరికినన్నాళ్ళు ఆ తాళం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కరోనా వచ్చి పిల్లల చదువులు ఫోన్లలోకి వెళ్ళాక ఊరూరా ఇంటర్నెట్టు కావాలన్నారు. ఆ కంపెనీ బాక్సులేమో రావడం మానేశాయి. అడిగితే ఓడలో ఉన్నాయనేవారు. ఆ ఓడ ఏ సముద్రంలో తిరుగుతోందో ఎవరికీ తెలియదు.

వర్ధన్నపేటలో మాకు ఒక భాగస్వామి ఉండేవాడు. ఊరంతా ఆయనను భాయ్ అనేవారు, నేను కూడా అంతే. డిష్ యాంటెన్నాల కాలం నుంచి కేబుల్ టీవీ నడిపిన మనిషి. ఎవరింట్లో ఏ టీవీ ఉందో, ఎవరి అత్త ఏ సీరియల్ చూస్తుందో ఆయనకు తెలుసు. మా శాఖకు ఎక్స్చేంజి ఉంది గానీ వీధివీధికి ఫైబర్ గుంజే మనుషులు లేరు. భాయ్‌కు మనుషులున్నారు, నిచ్చెనలున్నాయి, స్తంభమెక్కితే దిగమన్నా దిగని బావమరుదులున్నారు. అందుకని ఒప్పందం చేసుకున్నాం. తీగ ఆయనది, అందులో పారే ఇంటర్నెట్టు మాది, రాబడిలో ఇద్దరికీ వాటా. భాయ్ ఉన్నదంతా ఊడ్చి, చుట్టుపక్కల ఊళ్ళ దాకా తీగ గుంజాడు. గుంజాక బాక్సులు ఆగిపోయాయి.

ఒకరోజు హన్మకొండలో మా ఆఫీసుకు వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూలబడ్డాడు.

"సార్, చాయ్ హోటల్‌కాడ కూసోనిస్తలేరు నన్ను. 'భాయ్, బాక్సు ఎప్పుడిస్తవు' అని ఒక్కటే పోరు. మసీదుల నుంచి బయటికొస్తాంటే చెప్పులు తొడుక్కునేదాక కూడ ఆగుతలేరు. ఏం జెప్పాలె?"

"ఓడలో ఉన్నాయని చెప్పు," అన్నాను.

"అదే చెప్పిన. 'వర్ధన్నపేటకు ఓడెట్ల వస్తది భాయ్' అని నవ్వుతాన్రు." గొంతు తగ్గించాడు. "ప్రైవేటు నెట్టోళ్ళు వచ్చిపోయిన్రు సార్. బాక్సులు లారీల తెచ్చి దింపుతరట. కని తీగ మొత్తం వాళ్ళ పేర రాసియ్యాల్నట. నాకు నెల జీతమిస్తరట."

"నువ్వేమన్నావు?"

"ఏమంట? నేను గుంజిన తీగ మీద నేనే నౌకరునైత. కని బాక్సు లేని తీగను ఏం జేసుకోవాలె సార్, బట్టలారేసుకోవాల్నా?"

ఇద్దరం నవ్వాం. నవ్వయ్యాక ఆలోచనలో పడ్డాను. ఆయన మా మాట నమ్మి తీగ గుంజాడు. ఇప్పుడు మా మిషన్‌కు ఉన్న తాళం ఆయన నోట్లో మన్ను కొడుతోంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ తీగ ప్రైవేటు కంపెనీ చేతికి పోతే వర్ధన్నపేటలో ఇక వాళ్ళొక్కరే మిగులుతారు. ఒక్కరే మిగిలితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. గులాబీ రంగు ఫోను బీరువాలో పెట్టిన శాఖ కదా మాది.

కంపెనీ మేనేజరుకు ఫోన్ చేశాను. హైదరాబాదులో ఉంటాడు, మాట తేనె. "సార్, మా మిషన్‌కు మా బాక్సే సేఫ్. వేరేవి పెడితే నెట్‌వర్క్‌కు గ్యారంటీ ఇవ్వలేం," అన్నాడు.

"మీ దగ్గర బియ్యం కొన్నందుకు కూర కూడా మీ దుకాణంలోనే కొనాలా? టెండరులో అట్లా లేదే," అన్నాను.

"టెండరు కాదు సార్, అనుభవం చెప్తున్నా. వేరే బాక్సులు పైకి ఒక్కటే భాష అంటాయి, తీరా చూస్తే నడవవు."

మా పెద్దసారు దగ్గరికి పోయాను. జిల్లాలో మా శాఖకు ఆయనే పెద్ద. మంచివాడు, భయస్తుడు. ఏ కాగితం ముందు పెట్టినా "చూద్దాం" అనేవాడు. ఆ మాటకు అవుననీ కాదనీ అర్థం ఉండేది కాదు, మళ్ళీ రమ్మని మాత్రమే అర్థం. నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. చివరికి విసిగిపోయి ఒక దారి చూపించాడు.

"సరే, వర్ధన్నపేటలో ఒక రోజు పరీక్ష పెట్టండి. నేనే వస్తాను. కంపెనీ వాళ్ళను పిలిచి తాళం తీయించండి. బయట బాక్సులు నడిచాయంటే తాళం తీసే ఉంచమని అక్కడే సంతకం పెడతాను. నడవకపోతే ఈ ముచ్చట మళ్ళీ నా దగ్గరికి తేవద్దు."

భాయ్ కూడా ప్రైవేటు వాళ్ళకు ఆ రోజు సాయంత్రానికే జవాబు చెప్తానన్నాడు. అట్లా మా ఇద్దరి బండీ ఒక్క రోజుకు కట్టేసుకున్నాం.

ఇక బాక్సులు కావాలి. వరంగల్ బజారులో ఒక సేటు ఉన్నాడు. లాంతర్ల కాలం నుంచి ఉన్న దుకాణం వాళ్ళది. లాంతర్లు పోయి రేడియోలు, రేడియోలు పోయి టీవీలు, ఇప్పుడు వైఫై సామాను. భాయ్, నేను కలిసి వెళ్ళి సంగతి చెప్పాం. మూడు వేర్వేరు కంపెనీల బాక్సులు తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు.

"నడిస్తే పైసలియ్యిన్రి, నడవకుంటే వాపస్ చేయిన్రి. కని పరీక్షకు నేను గూడ వస్త. నా సరుకు పరీక్ష రాస్తాంటే నేను ఇంట్ల కూసోవాల్నా?" అన్నాడు.

సేటు దుకాణంలో ఒక ఆచారం ఉంది. ఏ వస్తువూ బొట్టు పెట్టకుండా గడప దాటదు. బొట్టు కూడా ఎక్కడపడితే అక్కడ పెట్టడు. ప్రతి వస్తువుకూ ఒక గడప ఉంటుందని ఆయన లెక్క. ఫ్రిజ్ అయితే తలుపు పక్కన, మిక్సీ అయితే మూత అంచుకు, నీళ్ళ మోటరైతే నీరు బయటికొచ్చే మూతికి. ఈ బాక్సులు ఆయనకు కొత్త. ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నన్ను అడిగాడు.

"సార్, తీగ లోపలికి ఎటునుంచి పోతది?"

వెనక చిన్న రంధ్రం, దానికి రబ్బరు మూత. చూపించాను.

"అయితే గిదే గడప," అని మూత తీసి పక్కన పెట్టి, రంధ్రం చుట్టూ పసుపు రాసి, పైన కుంకుమ దిట్టంగా అద్దాడు. మూడింటికీ అదే మర్యాద. తర్వాత మూతలు జాగ్రత్తగా పెట్టేశాడు. భాయ్ పక్కనుంచి, "సేటూ, నా తరఫున గూడ జర గట్టిగ పెట్టు," అన్నాడు. సేటు ఇంకో చిటికెడు వేశాడు. నేను ఇంజనీరును. ఆ ముచ్చట చూసి మనసు నిండి, బాక్సులను కళ్ళకద్దుకుని సంచిలో పెట్టుకున్నాను.

పరీక్ష రోజు పొద్దున్నే అందరం వర్ధన్నపేట ఎక్స్చేంజికి చేరాం. భాయ్ చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు, జేబులోంచి ప్రైవేటు వాళ్ళ కాగితం అంచు కనిపిస్తోంది. సేటు ఒక సంచిలో కొబ్బరికాయ కూడా తెచ్చాడు. పెద్దసారు కారు దిగుతూనే భోజనానికి హన్మకొండ చేరాలన్నాడు. కంపెనీ తరఫున ఒక అమ్మాయి వచ్చింది, చిన్న వయసు ఇంజనీరు. నేను మేనేజరు లాంటి తేనె మనిషి వస్తాడనుకున్నాను. ఈ పిల్ల నమస్కారం పెట్టి, చాయ్ తాగి, సూటిగా పనిలోకి దిగింది.

"ఏ ఊరమ్మా మీది?" అని అడిగాను.

"డోర్నకల్ సార్. మా నాన్న రైల్వేల చేసిండు," అంది. అప్పటిదాకా ఆఫీసు తెలుగు మాట్లాడిన పిల్ల ఊరి పేరు చెప్పేసరికి ఊరి మాటలోకి వచ్చేసింది.

తన ల్యాప్‌టాప్ మిషన్‌కు తగిలించి, మా కళ్ళముందే తాళం తీసింది. "ఇప్పుడు ఎవరి బాక్సైనా రావచ్చు సార్. మాట్లాడగలిగితే మాట్లాడతది," అంది. ముందుగా తమ కంపెనీ బాక్సును సీలు విప్పి తీగ తగిలించింది. కాసేపు మినుకు మినుకుమని పచ్చలైటు నిలబడింది. బాగుంది.

తర్వాత ఆ తీగనే తీసి సేటు మొదటి బాక్సుకు పెట్టింది. ఎర్రలైటు. ఆగి చూశాం, కదల్లేదు. రెండో బాక్సు, ఎర్రలైటు. మూడోది కూడా అంతే.

 సేటు కొబ్బరికాయ సంచిని మెల్లగా కాళ్ళ వెనక్కు నెట్టాడు. ఆ అమ్మాయి ఫోన్ మోగింది. మేనేజరు గొంతు బయటికే వినిపిస్తోంది. "నేను చెప్పలేదా? ఫెయిల్ అని రిపోర్టు పంపించి వచ్చేసెయ్," అంటున్నాడు. ఆమె సరే సార్ అంది.

 అంతకుముందు నెలంతా నేను చెప్పిన నీతులన్నీ గుర్తొచ్చాయి. నియమాలు అందరివీ, భాష అందరిదీ అని ఎక్కడపడితే అక్కడ ఉపన్యాసాలిచ్చాను. ఒక్క పచ్చలైటు చూపించలేకపోయాను. పెద్దసారు నా భుజం తట్టాడు, అది ఇంకా బాధ. భాయ్ జేబులోంచి ఆ కాగితం తీసి మోకాలి మీద సాపు చేసుకుంటున్నాడు.

"సార్, పెన్నున్నదా?" అన్నాడు. నా వైపు చూడకుండా అడిగాడు.

నా జేబులో పెన్ను తీసి ఇచ్చాను. ఇవ్వక ఏం చేయను. ఎంత కష్టంగా ఇచ్చానో నాకే తెలుసు.

పెద్దసారు లేచాడు. లేచినవాడు ఆగి, ఆ పిల్లతో, "ఇంతదూరం వచ్చి ఎర్రలైటు చూసి పోవడమెందుకు? మీ బాక్సు మళ్ళీ పెట్టమ్మా, ఆ పచ్చలైటు ఒక్కసారి చూసి పోతాను," అన్నాడు. ఆయన శకునాల మనిషి.

ఆమె తీగను తిరిగి తమ బాక్సుకే పెట్టింది. ఎర్రలైటు.

తీసి మళ్ళీ పెట్టింది. ఎర్రలైటే. సేటు నోరు మొదట తెరుచుకుంది. "గిదేంది బిడ్డా, మీదానికి గూడ మా జబ్బే అంటుకున్నదా?"

ఆమె బాక్సులను వదిలేసి తీగ కొసను పట్టుకుని చూస్తూ కూర్చుంది. తర్వాత నెమ్మదిగా తనలో తను మాట్లాడుకున్నట్టు నాకు చెప్పింది. "సార్, భాష కుదరకుంటే మిషన్ బాక్సును పిలుస్తది, బాక్సు తప్పు జవాబిస్తది, అప్పుడు మిషన్ ఎల్లగొడ్తది. నా స్క్రీన్ మీద అది కనిపించాలె. ఇక్కడ అసలు ఎవరూ వచ్చినట్టే లేదు. వెలుతురే లోపలికి పోలే. పొద్దున మంచిగున్న తీగ ఇప్పుడు గుడ్డిదయింది."

ఆ మాట వినేసరికి భాయ్ కాగితం మీద పెన్ను ఆగిపోయింది. అప్పటికే పేరులో మొదటి అక్షరం రాశాడు.

ఆమె తన సంచిలోంచి ఫైబర్ కొస చూసే చిన్న స్కోపు తీసింది. దాని చిన్న తెర మీద తీగ కొస గుండ్రంగా కనబడుతుంది, శుభ్రంగా ఉంటే చందమామలా. ఇప్పుడు దాని నిండా మరకలు. తెల్లని బట్టతో కొసను తుడిచి చూపించింది. బట్ట మీద ఎర్రటి గీత పడింది.

"ఇది తుప్పా సార్?" అని భాయ్ అడిగాడు.

"గాజు తీగకు తుప్పెక్కడిది?" అన్నాను.

సేటు కళ్ళజోడు సవరించుకుని, బట్టను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. ఎరిగిన వస్తువును గుర్తుపట్టినప్పుడు వ్యాపారి ముఖంలో వచ్చే వెలుగు వచ్చి, వెంటనే ఆరిపోయింది.

"గిది మా దుకాణం కుంకుమ," అన్నాడు.

అప్పుడు నాకు అంతా కళ్ళముందు కట్టింది. రబ్బరు మూత తీసి పెట్టిన బొట్టు, భాయ్ తరఫున వేసిన ఇంకో చిటికెడు, నేను కళ్ళకద్దుకోవడం. వెంట్రుక కంటే సన్నని దారిలో వెలుతురు పోవాలి. ఆ దారి ముందర మేము ఇంత కుంకుమ పోసి కూర్చున్నాం. మొదటి బాక్సు గడపలోని కుంకుమ తీగ కొసకు అంటుకుంది, ఆ తీగే మిగతా అందరికీ పంచిపెట్టింది, చివరికి కంపెనీ బాక్సుకు కూడా. సేటు ఆచారం ఏ కంపెనీకీ పక్షపాతం చూపలేదు.

పెద్దసారు నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఆయన నవ్వితే మేమందరం నవ్వాం, సేటు ఒక్కడే, "గడప లేని వస్తువుంటదా సార్, నేనేం తప్పు జేసిన?" అంటున్నాడు.

ఆ పిల్ల నవ్వలేదు. ఆమె ఫోన్ మళ్ళీ మోగుతోంది. అందరం దాన్నే చూస్తున్నాం. రిపోర్టు ఫెయిలని పంపమని అప్పటికే చెప్పారు, ఆమె సరే అని కూడా అంది. సామాను సర్దుకుని వెళ్ళిపోతే అడిగేవాడు లేడు. ఆమె ఫోన్ ఎత్తి, "సార్, టెస్టు ఇంకా అయిపోలే. తీగ ఖరాబున్నది, సాఫ్ చేసి మళ్ళ చేస్తాన," అని పెట్టేసింది. పెట్టేసి భాయ్‌తో, "అన్నా, స్పిరిట్ దొరుకుతదా?" అంది.

ఎదురుగానే సర్కారు దవాఖాన. భాయ్ ఆ వయసులో అంత వేగంగా పరుగెత్తగలడని నాకు తెలియదు. స్పిరిట్ సీసా, దూదితో తిరిగొచ్చాడు. వెనకాలే ఒక నర్సమ్మ కూడా వచ్చింది, ఎక్స్చేంజిలో ఎవరికి దెబ్బ తగిలిందోనని. సంగతి విని ఆమె కూడా అక్కడే నిలబడిపోయింది. కంపెనీ పిల్ల ఒక్కొక్క గడపనూ సన్నని పుల్లతో ఓపికగా కడిగింది. తీగ కొసను తుడిచింది, స్కోపులో చూసింది, మళ్ళీ తుడిచింది. చెవిలో మందు వేసేటప్పుడు నర్సులు పెట్టే శ్రద్ధ అది. నర్సమ్మ కూడా తలూపింది.

తర్వాత సేటు మొదటి బాక్సు పెట్టింది. ఎర్రలైటు పోయింది. పచ్చలైటు మినుకుమంది, ఆగింది, మళ్ళీ మినుకుమంది.  పచ్చలైటు నిలబడిపోయింది. ఆమె తన ఫోనులో వైఫై తగిలించి ఏదో పాట పెట్టింది, ఆగకుండా వచ్చింది.

భాయ్ నా దగ్గరికి వచ్చి పెన్నును తిరిగి నా జేబులో పెట్టి, జేబు మీద మెల్లగా తట్టాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎంత ఉద్యోగం చేసినా అంతటి బహుమతి ఇంకోటి అందుకోలేదు.

రెండో బాక్సూ పచ్చబడింది. మూడోది మాత్రం ఎంత కడిగినా పచ్చ దాకా రాలేదు. ఈసారి ఆ పిల్ల స్క్రీన్ మీద స్పష్టంగా కనిపించింది. మిషన్ పిలిచింది, బాక్సు ఏదో గొణిగింది, మిషన్ వెళ్ళగొట్టింది. దాన్ని తయారుచేసినవాడు నియమాలను సగం చదివి వదిలేసినట్టున్నాడు. నాకు అది కూడా నచ్చింది. తాళం తీయడమంటే ఎవరినిబడితే వాళ్ళను లోపలికి రానివ్వడం కాదు, అందరికీ ఒక్కటే పరీక్ష పెట్టడం. సేటు ఆ బాక్సును సంచిలో వేసుకుంటూ, "దీన్ని వాడి మొఖాన కొడ్త," అన్నాడు.

పెద్దసారు అక్కడే, భాయ్ మోకాలి కంటే కాస్త మెరుగైన బల్ల మీద, తాళం తీసే ఉంచమని సంతకం పెట్టాడు. చూద్దాం అనలేదు. ఆయనకు ఆ రోజు భోజనం కూడా భాయ్ ఇంట్లోనే అయింది. భాయ్ భార్య బగారన్నం, మటన్ కూర వండింది, సేటుకు, శాకాహారి కాబట్టి, వేరుగా పప్పు చేసింది. కొబ్బరికాయ ఎక్స్చేంజి బయట కొట్టారు. మిషన్‌కు బొట్టు పెట్టొచ్చా అని సేటు అడిగితే, పై రేకు మీద పెట్టుకోమని పెద్దసారే అనుమతిచ్చాడు.

వెళ్ళేముందు ఆ పిల్లను అడగకుండా ఉండలేకపోయాను. "నీ మీదికి మాట రాదా అమ్మా, మీ మేనేజరు దగ్గర?"

"వస్తది సార్," అంది నవ్వి. "చిన్నప్పుడు మా నాన్న నన్ను స్టేషన్‌కు తీసుకపోయేటోడు. డోర్నకల్‌ల ఎక్కడెక్కడి రైలు డబ్బాలు వచ్చి ఆగేటియి. ఏ ఫ్యాక్టరీలో చేసినా మన పట్టా మీద నడుస్తాంటే నాకు ముచ్చటనిపించేది. 'అన్ని డబ్బాలకు చక్రాల మధ్య వెడల్పు ఒక్కటే బిడ్డా, గందుకే' అని చెప్పిండు. నేను ఇంజనీరింగ్ చదివిందే గందుకు సార్. అది అబద్ధమని నా చేతితోని ఎట్ల రాయాలె?"

ఆమెకు ఏమీ కాలేదులెండి, కంగారు పడకండి. తాళం తీశాక ఆ కంపెనీ ఓడ కూడా ఎక్కడినుంచో త్వరగానే ఒడ్డుకు చేరింది. బాక్సులు రాసాగాయి, అవీ మునుపటికంటే చౌకగా. పక్కన ఇంకో దుకాణం తెరిస్తే అందరికీ మర్యాద గుర్తొస్తుంది.

ప్రైవేటు కంపెనీ వాళ్ళు మళ్ళీ భాయ్ దగ్గరికి వచ్చారు. ఈసారి ఆయన చాయ్ తాగించి చెప్పాడట. "నా తీగ నాదే. మీ నెట్ గూడ పారిస్త, సర్కారు నెట్ గూడ పారిస్త. జనం ఏది గావాలంటే అది. కని మీ మిషన్‌కు గూడ తాళం ఉండద్దు." వాళ్ళు కొన్నాళ్ళు అలిగి, తర్వాత ఒప్పుకున్నారు. ఇప్పుడు వర్ధన్నపేటలో భాయ్ చాయ్ హోటల్‌లో ప్రశాంతంగా కూర్చుంటున్నాడు. ఖిలా వరంగల్ వైపు కూడా ఆయన బావమరుదులే తీగ గుంజారు. కోట రాళ్ళ దగ్గర తవ్వకూడదు కదా, స్తంభాలెక్కే వాళ్ళకే అక్కడ రాజ్యం. మా ఇల్లు అటే.

నేను రిటైరైన రోజు అందరూ శాలువాలు కప్పారు. భాయ్ మాత్రం పచ్చబడిన ఆ మొదటి బాక్సునే తెచ్చి మా ఇంట్లో పెట్టాడు. వెనక రంధ్రం చుట్టూ పసుపు మరక ఇంకా పోలేదు.

మొన్న ఒక ఆదివారం భాయ్ మా ఇంటికి వచ్చాడు. క్రికెట్ మ్యాచ్ నడుస్తోంది, బొమ్మ అద్దంలా వస్తోంది. మంచి హుషారులో ఉన్నాను. "చూశావా భాయ్, సర్కారు నెట్టు పనికిరాదంటారు జనం. వానాకాలమంతా ఒక్కసారైనా ఆగిందా? మా శాఖ అంటే ఏమనుకున్నావు?" అని మీసం దువ్వాను.

భాయ్ చాయ్ కప్పులోకి చూస్తున్నాడు. చూసి, మా ఆవిడ వైపు చూశాడు. ఆవిడ కూరగాయలు తరుగుతూ తలెత్తకుండా చెప్పింది.

"మీ శాఖది వానలు మొదలైనప్పుడే ఆగిపోయింది. మీరు మీ అక్కయ్యగారింటికి పోయినప్పుడు. నేనే భాయ్‌కి ఫోన్ చేసి ప్రైవేటుకు మార్పించాను."

"అమ్మ చెప్పద్దన్నది సార్," అన్నాడు భాయ్ కప్పులోంచే.

లేచి బాక్సు దగ్గరికి పోయాను. అదే బాక్సు, అదే పసుపు మరక, అదే పచ్చలైటు. నెలల తరబడి దాని ముందే కూర్చుని మా శాఖను పొగుడుకుంటున్నాను. నాకు తెలియనే లేదు. కోపం వచ్చిన మాట నిజం. ఉప్పు తిన్న శాఖ మీద అభిమానం ఎక్కడికి పోతుంది. అయితే ఆ కోపం నిలబడేలోపే లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చింది. ఇదిగో, ఇట్లా తెలియకుండా మారగలగడం కోసమే కదా ఆ రోజు పెద్దసారు చుట్టూ తిరిగింది. తలుపు తెరిపించేటప్పుడు లోపలికి వచ్చేవాళ్ళనే ఊహించుకున్నాను. ముందుగా బయటికి పోయేది మా ఇల్లే అవుతుందనుకోలేదు.

"మళ్ళ మార్చాల్నా సార్? మీ శాఖోళ్ళు గిప్పుడు లైన్ బాగు చేసుకున్నరు. బాక్సు ముట్టుకునే పని గూడ లేదు, ఒక్క ఫోన్ కొడితే అయిపోతది," అన్నాడు భాయ్, ఫోన్ చేతిలోకి తీసుకుంటూ.

మా ఆవిడ కత్తి ఆపి నా వైపు చూసింది. టీవీలో ఆఖరి ఓవర్ మొదలైంది.

"చూద్దాం," అన్నాను, అచ్చం మా పెద్దసారులాగా, వచ్చి కుర్చీలో కూర్చుంటూ.